పడవ చెక్క ఎందుకు ఆరలేదు

ప్రెషర్ డబ్బా మూత తియ్యగానే ఎల్రాయ్‌కి జరిగిందేమిటో తెలిసిపోయింది. గాజుముక్కలా నిగనిగలాడాల్సిన నీలం రెజిన్, పులిసిన రొట్టెపిండిలా పొంగి, చెక్క చుట్టూ నురగలు కక్కి గడ్డకట్టుకుపోయింది. గోటితో నొక్కితే కరకరమని విరిగింది. అచ్చులో ఉన్న పెన్ను దిమ్మెలన్నీ అంతే.

ఆ రెజిన్‌కి నీళ్ళంటే పుట్టుపగ. రెండు సీసాల్లోని ద్రవాలు కలిపి చెక్క మీద పోస్తే, చెక్క పెళుసుగా ఎండి ఉన్నంతసేపూ బుద్ధిగా గట్టిపడుతుంది. లోపలెక్కడో కాస్త తడి తగిలిందా, ఇక బుసబుసా పొంగడమే. డబ్బాలో ఎంత గాలి ఒత్తిడి పెట్టినా ఆ పొంగు ఆగదు. ఈ సంగతి అతనుండే హార్న్‌లీ పేట మొత్తంలో ఎల్రాయ్ కంటే బాగా తెలిసినవాడు లేడు. సముద్రపు ఒడ్డునున్న నైస్నా ఊరికి వచ్చిపోయే టూరిస్టుల జేబుల్లో అతని పెన్నులు ఏయే దేశాలు తిరుగుతున్నాయో ఆ దేవుడికే ఎరుక. ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకటి పొంగింది గానీ, ఇలా మూకుమ్మడిగా పొంగడం ఇదే మొదలు.

"ఏమయ్యా పెన్నుల రాజా, ఇవాళ కేకులు చేశావా?" కాఫీ కప్పుతో గరాజ్ గుమ్మంలో నిలబడ్డాడు ఓబ్రీ. "మానేసి బేకరీ పెట్టుకోరాదూ? నువ్వు చెక్క ఎండబెట్టే ఓవెన్ ఎలాగూ నాదే. కరెంటూ నాదే."

"ఒకటీ అరా పాడవుతుంటాయి బావగారూ," అన్నాడు ఎల్రాయ్ పళ్ళ బిగువున.

"ఒకటీ అరానా? బకెట్ నిండా ఉన్నాయి! పోనీలే, చలికాలం పొయ్యిలోకి పనికొస్తాయి. అయ్యో, ప్లాస్టిక్కు కదా, దానికీ పనికిరావు."

ఓబ్రీ ఎల్రాయ్ భార్య షర్లీన్‌కి అన్న. ఇల్లు అతనిది, గరాజ్ అతనిది, లేత్ మిషన్ అతనిది. ఎల్రాయ్, షర్లీన్ ఉండే చెక్కగది కూడా అతని పెరట్లోదే, అతని వంటింటి గోడకి ఆనించి కట్టిందే. గోడ అనడం గౌరవం కోసం. ఇటు మంచం కిర్రుమంటే అటు చెంచా ఆగేది. గేటు లోపల మందు చుక్క పడకూడదన్నది ఓబ్రీ పెట్టిన మొదటి షరతు. ఆదివారం చర్చి తప్పకూడదన్నది రెండోది. మూడోది నోటితో చెప్పలేదు గానీ, అన్నం బల్ల దగ్గర ఓబ్రీ ఏమన్నా ఎల్రాయ్ పడి ఉండాలి. ఇల్లరికం అల్లుడి బతుకు ఏ దేశంలోనైనా ఒకటే.

వీళ్ళు అంతకుముందు జార్జి అనే పొరుగూళ్ళో అద్దె ఇంట్లో ఉండేవారు. అక్కడో గొడవ జరిగింది. ఓబ్రీ వ్యాను వేసుకొచ్చి చెల్లెల్నీ సామాన్నీ ఎక్కించుకుపోయాడు. కొన్నాళ్ళకి ఎల్రాయ్ కూడా తలవంచుకుని వెనకాలే వచ్చాడు. ఆ గొడవ గురించి అతను పెద్దగా ఆలోచించడు. తాగి ఉన్నాను, ఏదో అయింది, అయిపోయింది అనుకుంటాడు. అప్పట్నుంచీ చుక్క ముట్టలేదు. పోనీ ఆ మెప్పైనా దక్కిందా అంటే, షరతు ఓబ్రీది కాబట్టి మెప్పు కూడా ఓబ్రీ ఖాతాలోకే పోయింది. ఎల్రాయ్ కడుపుమంట అదీ. చర్చి మెట్ల మీద జనం ఓబ్రీ భుజం తట్టి "మీ చెల్లెలి మొగుణ్ణి మనిషిని చేశావయ్యా" అంటుంటే, పక్కనే నిలబడి నవ్వాలి. అడకత్తెరలో పోకచెక్కలా ఉండేది అతని పరిస్థితి.

అలాంటివాడికి ఇప్పుడు ఒక దారి దొరికింది.

లగూన్ అనే ఉప్పునీటి మడుగులో ఏళ్ళ తరబడి జనాన్ని దాటించిన 'మార్టా' అనే పాత పడవని విప్పేశారు. దాన్ని నడిపిన పెద్దాయన మనవలూ మనవరాళ్ళూ ఆ చెక్కతో తలా ఒక పెన్ను కావాలన్నారు. సగం ఆ పడవ పసుపురంగు యెల్లోవుడ్ చెక్క, సగం లగూన్ రంగు రెజిన్, రెండూ కలిసేచోట తీరం గీత కనపడాలి. నీటి ఒడ్డు బజారు వాటర్‌ఫ్రంట్‌లో కానుకల దుకాణం నడిపే మిసెస్ బ్రూవర్ ఆ పని ఎల్రాయ్‌కి తెచ్చింది.

"ఇవి బాగా వచ్చాయంటే కిటికీ పక్కన నీకో బల్ల వేయిస్తాను ఎల్రాయ్," అందావిడ. "జనం నిలబడి చూస్తారు. పైన గది ఖాళీగానే ఉంది, బల్ల దగ్గర కూర్చునేవాళ్ళే అందులో ఉండి దుకాణం కనిపెట్టుకోవాలి. నువ్వూ షర్లీనూ వచ్చెయ్యండి."

"పాడైతేనో మేడమ్?"

"ఈ పలక తప్ప ఇంకో ముక్క లేదు. పడవంతా పుచ్చిపోయింది. కాబట్టి పాడుచెయ్యకు. క్రిస్మస్ జనం దిగేలోపు బల్ల దగ్గర ఎవరో ఒకర్ని కూర్చోబెట్టాలి నేను. నువ్వు కాకపోతే ఇంకొకరు."

ఎల్రాయ్ మేడ మీది గది చూసొచ్చాడు. రెండు కిటికీలు, చిన్న వంటగట్టు, లోపలి నుంచి వేసుకునే గడియ. ఆ గడియ వేసి తీసి, వేసి తీసి చూశాడు. ఇంటికొచ్చి షర్లీన్‌కి గడియతో సహా అన్నీ చెప్పాడు. ఆమె గరాజ్ పక్కన రేకుల షెడ్డులో గెస్ట్‌హౌస్ దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ పెట్టె ఆపకుండానే విని, "మంచిది" అంది. సంతోషం ఎక్కువై మాట రాలేదనుకున్నాడు ఎల్రాయ్. తను వినాలనుకున్నది వినడం మగవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అప్పుడు మొదలైంది ఈ పొంగుడు.

ముందు రెజిన్‌ని అనుమానించాడు. మూత తీసిన సీసా సముద్రపు మంచుగాలిని తాగేస్తుంది. పాతవి పారేసి కొత్తవి తెచ్చాడు. ఈసారి నురగ తగ్గింది, దిమ్మెలు లేత్ మీదికెక్కాయి. ఉలి పెడితే చక్కగా రిబ్బన్లు లేచాయి. సాండ్ పేపర్లతో వరసగా నునుపు దిద్ది, సూపర్ గ్లూ పల్చగా పూత మీద పూత వేసి మెరుగు పెట్టాడు. చూసుకుంటే తన ముఖమే కనపడింది. మర్నాటికి చెక్క మేర అంతా తెల్లగా పొగబట్టి, కంటికి శుక్లం వచ్చినట్టయింది. అంటే తడి లోపల ఉంది, పూత కింద చిక్కుకుని బయటికి దారి వెతుక్కుంటోంది. పూత చెక్కేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ పొగబట్టింది.

కంప్రెసర్‌ని అనుమానించాడు. దాని తొట్టి అడుగున చేరిన నీళ్ళు గొట్టంలోంచి డబ్బాలోకి వస్తున్నాయేమోనని తొట్టి ఖాళీ చేసి, మధ్యలో వడపోత పెట్టాడు. కరెంటు కోతల్లో ఓవెన్ చల్లారిపోతోందేమోనని, కోత లేని రోజు చూసుకుని మళ్ళీ ఎండబెట్టాడు. డబ్బా తీస్తే నురగే. పలక తరిగిపోతోంది. ఓబ్రీ మాత్రం రోజుకో కొత్త కేకు పేరు కనిపెడుతున్నాడు.

ఒకరోజు చెక్కపొట్టు పెదవికి అంటింది. నాలికతో తడుముకుని, ఎల్రాయ్ గరాజ్ మధ్యలో గంతేశాడు.

"ఉప్పు! షర్లీన్, ఉప్పే! ఇన్నేళ్ళు ఉప్పునీళ్ళలో నానిన పడవ కదా! మబ్బు పట్టిన రోజు ఉప్పు డబ్బా చెమర్చదూ? అలాగే ఇదీ గాలిలోంచి తడి లాక్కుంటోంది!"

"మరేం చేస్తావు?" అందామె గుమ్మంలోంచి.

"కడగాలి. వాననీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, ఉప్పంతా విడిచాక అప్పుడు ఎండబెట్టాలి. ఇన్నాళ్ళూ ఎండబెట్టీ ఎండబెట్టీ చచ్చాను, ముందు తడపాలని తెలీక!"

"నీకు ఆ గది అంత కావాలా ఎల్రాయ్?" అంది.

"అదేం మాట! నీకు మాత్రం అక్కర్లేదా?"

ఆమె పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయింది.

మిగిలిన చెక్కని నీళ్ళలో నానబెట్టాడు. నాలిక మీద పెట్టుకుంటే చప్పగా తగిలేదాకా నీళ్ళు మార్చాడు. గాలికి ఆరబెట్టి, ఓవెన్‌లో పెట్టి, తీసి తూచి, మళ్ళీ పెట్టి తూచి, తూకం తగ్గడం ఆగేదాకా ఓపిక పట్టాడు. తూకం నిలిచిందంటే తడి లేనట్టే, అది ఈ పనిలో వేదవాక్కు. వేడి చల్లారకముందే జిప్ కవర్లో వేసి, గాలి పిండేసి, కవరు మీద తూకం రాసి అరలో పెడతారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ తూచరు. ఉడికిన అన్నాన్ని మళ్ళీ ఉడికిందా అని పట్టి చూడరు కదా.

పోసే రోజు ఎల్రాయ్ చేతిలోంచి కవరు జారి తూకం మిషన్ మీద పడింది. అంకెలు వెలిగాయి. కవరు మీద రాసినదానికంటే ఎక్కువ చూపిస్తోంది. మిషన్ తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే అంకె.

మూసిన కవర్లోకి తడి ఎలా వచ్చింది? చిల్లు ఉందేమోనని నీళ్ళలో ముంచి చూశాడు. లేదు. మళ్ళీ చెక్కని ఎండబెట్టి కొత్త కవర్లో వేశాడు. ఈసారి అదే ఓవెన్‌లోంచి తీసిన మామూలు చెక్కముక్క ఒకటి ఇంకో కవర్లో వేసి, పక్కనే పెట్టాడు. తర్వాత రెండూ తూస్తే, మామూలు ముక్క ఉన్నచోటే ఉంది. పడవ చెక్క బరువెక్కింది.

తడికి కళ్ళుండవు. పక్కపక్కన ఉన్న రెండు కవర్లలో ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టదు. పట్టిందంటే దాని వెనక ఎవరివో చేతులున్నట్టే.

ఓబ్రీ! ఆ పేరు తట్టగానే, చెప్పొద్దూ, ఎల్రాయ్‌కి పట్టరాని సంతోషం కలిగింది. ఇన్నాళ్ళూ పడ్డ మాటలన్నిటికీ ఒక్కసారే బదులు తీర్చుకోవచ్చు. చర్చి మెట్ల మీదే అడగాలి, అందరి ముందూ అడగాలి. "బావగారూ, నన్ను మనిషిని చేశారు సరే, మరి దొంగతనంగా కవర్లు విప్పడం ఏ ప్రార్థనలో నేర్చుకున్నారు?" ఆ వాక్యాన్ని గడ్డం గీసుకుంటూ అద్దం ముందు రెండుసార్లు అని చూసుకున్నాడు.

రుజువు మాత్రం కావాలి. ఓబ్రీ తను పనిచేసే చెక్క మిల్లుకి సామాను తేవడానికి జార్జి వెళ్ళే రోజు కోసం కాచుకున్నాడు. అతను లేని రోజు తూకం మారకపోతే దొంగ దొరికినట్టే. ఓబ్రీ వ్యాను మలుపు తిరగ్గానే కవరు తూచి పెట్టి, తనూ ఊళ్ళోకి పెన్నుల్లో దూర్చే ఇత్తడి గొట్టాలు కొనడానికి పోయాడు. ఓబ్రీ కంటే ముందే తిరిగొచ్చాడు.

తూస్తే కవరు బరువెక్కి ఉంది.

ఎల్రాయ్ నమ్మలేక జిప్ లాగాడు. లోపలి నుంచి గుప్పున వాసన కొట్టింది. లావెండర్. గెస్ట్‌హౌస్ దుప్పట్లకి ఆ వాసన ఉండాలని, షర్లీన్ ఆవిరి చిమ్మే ఇస్త్రీ పెట్టెలో పోసే నీళ్ళలో రెండు చుక్కలు వేస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎల్రాయ్ ముక్కు పట్టేసింది. పట్టాక ఏం చెయ్యాలో మాత్రం దానికి తెలీదు.

చెక్కగదిలో షర్లీన్ దుప్పట్లు మడతపెడుతోంది. అతను కవరు తీసుకెళ్ళి మంచం మీద పడేశాడు.

"ఇది నువ్వేనా?"

ఆమె కవరు వంక చూసింది. అబద్ధం ఆడలేదు. "నేనే."

"ఆవిరి పట్టావా?"

"ఊఁ. నువ్వు బయటికెళ్ళినప్పుడల్లా."

"ఎందుకు? ఆ గది నీకు నచ్చలేదా? కనీసం చూడను కూడా లేదు కదే నువ్వు!"

"చూశాను. నువ్వు చూసొచ్చిన మర్నాడే వెళ్ళాను. కింద దుకాణం సాయంత్రానికల్లా మూసేస్తారు. తర్వాత ఆ మేడంతటికీ ఎవరూ ఉండరు. మనిద్దరమే."

"అదే కదా మనకి కావాల్సింది!"

"నీకు కావాల్సింది." మడత పెట్టిన దుప్పటి విప్పి మళ్ళీ మొదటినుంచి మడతపెట్టింది. "జార్జిలో కూడా మనిద్దరమే ఎల్రాయ్."

"మళ్ళీ జార్జి! అది ఎప్పటి సంగతి? తాగి ఉన్నాను. ఆ తర్వాత చుక్క ముట్టానా? చెప్పు, ముట్టానా?"

"లేదు. మా అన్నయ్య గేటు లోపల ముట్టలేదు."

"అంటే ఏంటి నీ ఉద్దేశం?"

"నీకిది జైలు. నాకు తెలుసు. అన్నయ్య అనే మాటలు నేనూ వింటున్నాను, నాకూ సిగ్గుగానే ఉంటోంది. కానీ ఇక్కడ నాకు నిద్ర పడుతోంది. జార్జిలో పట్టేది కాదు. నువ్వు తాళం తిప్పే చప్పుడుని బట్టి, ఆ రోజు ఎలా ఉండబోతోందో చెప్పేదాన్ని."

"ఆ మాట నోటితో చెప్పలేవా? పనికట్టుకుని చెక్క నాశనం చెయ్యాలా? ఊరంతా నన్ను చూసి నవ్వాలా?"

"చెప్తే నువ్వేం చేస్తావో తెలీదు కదా."

"ఏం చేస్తాను?" అతను ఒక్క అంగలో మంచం దాటాడు. "ఏం చేస్తానే నేను?"

చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికి తెలీదు. షర్లీన్‌కి తెలుసు. అప్పటికే ముఖం పక్కకి తిప్పి, మోచెయ్యి అడ్డం పెట్టుకుని, ఓబ్రీ వంటింటి గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది.

"షర్లీనూ, టీ పెట్టావా?" గోడ అవతల ఓబ్రీ గొంతు. జార్జి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, కుర్చీ లాగిన చప్పుడైంది.

ఎల్రాయ్ చెయ్యి కిందికి దిగింది.

"వస్తున్నా అన్నయ్యా!" అంది షర్లీన్. ఆ గొంతులో వణుకు లేదు. ముఖం ఇంకా మోచేతి వెనకే ఉంది, గొంతు మాత్రం పాలు కాచేదాని గొంతులా మామూలుగా ఉంది. ఎల్రాయ్‌ని కోసింది అదే. అలా పలకడం ఒక్కరోజులో వచ్చే విద్య కాదు.

ఆమె మెల్లగా మోచెయ్యి దించింది. "ఇవాళ తాగి లేవు," అంది.

అంతే అంది. చెంపదెబ్బ తిన్నవాడిలా ఎల్రాయ్ మంచం అంచున కూర్చుండిపోయాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. మందుని అన్నాడు, జార్జిని అన్నాడు, ఓబ్రీని అన్నాడు. ఇప్పుడు అనడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆమె తువ్వాలుతో ముఖం తుడుచుకుని టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను చెక్కని మళ్ళీ ఓవెన్‌లో పెట్టాడు. కవరు అరలోనే పెట్టాడు, తాళం వెయ్యలేదు. పోసేముందు తూస్తే తూకం కదల్లేదు. రెజిన్ కలుపుతుంటే షర్లీన్ తనంతట తనే వచ్చి అచ్చు పట్టుకుంది. డబ్బా తెరిస్తే నీలం అద్దంలా ఉంది, ఒక్క బుడగ లేదు. మెరుగు పెట్టిన పెన్నులు మర్నాడూ ఆ మర్నాడూ చూశాడు. ఎక్కడా పొగ లేదు. సరిగ్గా ఎంతమంది మనవలున్నారో అన్నే వచ్చాయి.

మిసెస్ బ్రూవర్ వాటిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి మురిసిపోయింది. సొరుగులోంచి గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

ఎల్రాయ్ దాన్ని ముట్టుకోలేదు. "గది వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి మేడమ్."

"అదేంటి? మరి కిటికీ దగ్గర బల్లో?"

"గదిలో ఉండేవాళ్ళకే బల్ల అన్నారుగా. వాళ్ళకే ఇవ్వండి."

"షర్లీన్‌కి ఇష్టం లేదా? ఆడవాళ్ళు పుట్టింటిని వదిలి ఓ పట్టాన రారులే. నేను మాట్లాడనా?"

అవునని ఒక్క మాట అంటే పోయేది. ఆ సాకు ఆవిడే చేతికి అందించింది. ఎల్రాయ్ తల అడ్డంగా తిప్పాడు.

"ఆమెదేం లేదు," అన్నాడు. "నేను చెయ్యెత్తే మనిషిని మేడమ్. పక్కన ఇంకొకళ్ళు ఉండాలి."

మిసెస్ బ్రూవర్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. తాళంచెవిని తన వైపు లాక్కుంది. ఎల్రాయ్ పెన్నుల పెట్టె అక్కడే వదిలి బయటికొచ్చాడు. ఆ మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుందని అతనికి తెలుసు.

ఆదివారం భోజనాల దగ్గర ఓబ్రీ చేపముల్లు తీస్తూ అందుకున్నాడు. "ఏమయ్యా, మేడ గది వద్దన్నావట? నా ఓవెన్‌కి ఇక మోక్షం లేదన్నమాట."

"లేదు బావగారూ," అన్నాడు ఎల్రాయ్.

ఓబ్రీ ఇంకేదో అనబోయి, చెల్లెలి ముఖం చూసి, ముల్లు పళ్ళెం అంచున పెట్టాడు.

తర్వాత చెక్కగదిలో షర్లీన్ చర్చి బట్టలు మార్చుకుని మంచం మీద ఒరిగింది. ఎల్రాయ్ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. పెరడు, బట్టల తీగ, ఓబ్రీ వ్యాను, దాని వెనక గేటు. ఇక వీటినే చూస్తూ ఉండాలి.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"నాకు తెలీదు."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"తెలిసిన రోజున నేనే చెప్తాను. నువ్వు అడక్కు ఎల్రాయ్. నువ్వు అడిగావంటే నాకు మళ్ళీ భయం మొదలవుతుంది."

"సరే," అన్నాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికే నిద్రపట్టేసింది. అతను స్టూలు కిర్రుమనకుండా, కదలకుండా అలాగే కూర్చున్నాడు.